ఇంటి కప్పునకు ఊపిరి వలదా?



ఉల్లిగడ్డలను త్రవ్వి యింటికి తెచ్చిన రైతు వానిని మూసిన గదిలో కుప్పగా పోయడు. తడికలమీద పరచి, క్రిందనుండియు ప్రక్కలనుండియు గాలి యాడునట్లు చేయును. గాలి లేనిచో సరకు కుళ్ళునని అతనికి తండ్రి నేర్పినాడు. గడ్డివామిలో పచ్చిగడ్డి పడినచో లోన వేడి పుట్టి వామి చెడునని కూడ అతడెఱుగును. ఇంత తెలిసిన రైతు తాను కాపురముండు ఇంటి కప్పు విషయమున మాత్రము ఆ తెలివిని మఱచుచున్నాడు. ఈ మాట నిందకొఱకు చెప్పుట లేదు. కన్నులార చూచి చెప్పుచున్నాము.

గత వేసవిలో వరివిత్తన శుద్ధిని గూర్చి చెప్పుటకై మేమొక గ్రామమునకు పోయి, మధ్యాహ్నవేళ ఒక సభ్యుని యింట కూర్చుంటిమి. ఆయన కుమారుడు హైదరాబాదు హైటెక్ సిటీలో ఉద్యోగము చేయుచున్నాడు. కుమారుడు పంపిన సొమ్ముతో ఆయన పాత పెంకుటింటిని విప్పించి రేకుల యిల్లు కట్టించినాడు. గోడలు సిమెంటు, నేల నున్నని బండలు. కప్పు మాత్రము పొయ్యిమీది పెనమే. గోడకును రేకునకును నడుమనున్న సందులన్నియు ఎలుకల భయముచే పూడ్పించినాడు. పంకా తిరుగుచుండెను గాని దాని గాలి కొలిమితిత్తి గాలివలె నుండెను. ఆయన తల్లి వేపచెట్టు క్రింద మంచము వేసికొని యుండెను. “పాత ఇంట్ల నిద్ర పట్టేది సారూ. ఇది సూడనీకె మంచిగున్నది, ఉండనీకె కాదు” అని ఆమె చెప్పినది. ఆ యొక్క మాట మాచేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నది.

ఏల యిట్లగును? ఎండకు రేకు కాగును. కాగిన రేకు తన క్రింది గాలిని కాచును; అంతియేగాక నిప్పుగుండమువలె తిన్నగా మన శరీరములమీదికి వేడిని విసరును. వేడిగాలి తేలిక గనుక కప్పు క్రిందికి చేరును. పైన వెలువడు దారి యున్నచో వెడలిపోవును; దాని చోటికి చూరు క్రిందనుండి బయటి గాలి వచ్చును. దారి లేనిచో అచ్చటనే నిలిచి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మటను ఇంటిని కాచుచుండును. పంకా ఆ గాలినే మరల మన నెత్తిపైకి త్రోయును గాని చల్లబఱచదు.

కీడు వేడితో ముగియదు. వంటయావిరియు, మనుష్యుల ఊపిరియు, నిలువచేసిన ధాన్యమునందలి చెమ్మయు పైకి పోయి, చలికాలపు తెల్లవాఱుజామున చల్లబడిన రేకునకు తగిలి నీరై బస్తాలమీద బొట్లుబొట్లుగా రాలును. 12 శాతము చెమ్మ వఱకు ఎండించిన వడ్లైనను పైబస్తా బూజుపట్టును. దూలములు నాని పుచ్చిపోవును. ఇంటి కప్పు చేయు ఈ నష్టమును మనము పురుగుమీదను, బస్తాలమీదను వేయుచున్నాము.

మన పెద్దలు దీనిని తెలియనివారు కారు. మండువా యింటి నడుమ ఆకాశము తెఱచియుండెడిది. పెంకుల సందులనుండి వేడి వెడలెడిది. అటక, ఎండకును మనుష్యునకును నడుమ తెరవలె నుండెడిది. మట్టిమిద్దెలకు గవాక్షముండెడిది. అట్లని అందఱును పెంకుటిండ్లకు మరలుడని మేము చెప్పము. కోతులు పెంకులు పీకుచున్నవి. పెంకు తిరుగవేయు పనివారు దొరకుట లేదు. ఇల్లు మాఱినను గాలిదారి మాఱకూడదనుటయే మా వాదము.

పట్నము సంగతి చూతము. 1998 సం. నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి వాజపేయిగారు మాదాపూరున సైబర్ టవర్సును ప్రారంభించిరి. అటుపిమ్మట గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేటలవఱకు అద్దపు మేడలు లేచినవి. వానిలో పెక్కింటికి తెఱచు కిటికీలు లేవు. యంత్రములు లోపలి వేడిని తీసి వీధిలో పోయుచున్నవి. ఆ మేడలను కట్టుటకు పాలమూరునుండియు, పరరాష్ట్రములనుండియు పోయిన కూలీలు వాని ప్రక్కనే రేకుల కొట్టములలో పండుకొనుచున్నారు. 2015 సం. వేసవిలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో వడదెబ్బకు వేయిమందికి మించి మరణించిన సంగతి మఱవరానిది.

పట్నము ఆ దెబ్బనుండి కొంత నేర్చినది. 2017 సం.న హైదరాబాదు దేవరకొండ బస్తీలో 25 పేదల యిండ్ల కప్పులపై ఎండను తిప్పికొట్టు తెల్లని పొఱ పఱచి చూడగా, లోపలి వేడి సరాసరి 2 డిగ్రీలు తగ్గెను. 2023 సం. ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. ప్రభుత్వ, వ్యాపార భవనములకును, 600 చదరపు గజములును అంతకు మించిన స్థలములందలి నివాసములకును ఇది విధి. అంతకు చిన్న యిండ్లకు ఐచ్ఛికము. మన యిండ్లు చాలవఱకు చిన్నవే. కావున చట్టము మనలను నిర్బంధింపదు. మన మేలు మనమే చూచుకొనవలెను. మఱియు ఆ విధానము ముఖ్యముగా ఎండను తిప్పికొట్టుటను గూర్చినది. లోన చేరిన వేడిని వెడలగొట్టు పని మనకు మిగిలియున్నది. రెండును కలిసిననే ఫలము పూర్తి.

చేయవలసినది కష్టము గాదు. చూరు క్రింద కొన్ని రంధ్రములును, ఎదురెదురు కొనగోడలలో కప్పునకు మిక్కిలి దగ్గఱగా కొన్ని రంధ్రములును ఉంచవలెను. క్రిందివి గాలి వచ్చుటకు, పైవి పోవుటకు. అమెరికా దేశపు కట్టడపు నిబంధనలలో అటక నేల వైశాల్యములో 150వ వంతు గాలిదారి సామాన్య నియమము. అనగా 300 చదరపుటడుగులకు 2 చదరపుటడుగులు. మన యెండలకు అంతకు తగ్గరాదని మా యభిప్రాయము. ఎలుకలకును గబ్బిలములకును సన్నని ఇనుపవల బిగింపవలెను. వానజల్లునకు ఏటవాలు పలకలు పెట్టవలెను. రేకు క్రింద జానెడు ఎడమిచ్చి వెదురుతడిక కట్టినచో, రేకు విసరు వేడి మీద పడదు. వేసవికి ముందు రేకులకును స్లాబునకును తెల్లసున్నము వేయుడు. స్లాబు గదులలో రెండెదురు గోడలకు కప్పు క్రిందనే గాలికిటికీలుండవలెను. ఒక్క హెచ్చరిక: ఆస్‌బెస్టాస్ రేకులను కోయరాదు, తొలువరాదు; ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని. గాలిదారిని గోడలోనే తీయవలెను.

ఖర్చెక్కువయని కొందఱందురు. కట్టునప్పుడు నాలుగు ఇటుకలు మానుటకు ఖర్చేమి? కట్టిన పిమ్మట పగులగొట్టుటకే ఖర్చు. అందుచేతనే సంఘము ముందుగా మేలుకొనవలెను. సంఘపు ఎరువుల గిడ్డంగికిని, ధాన్యపు గిడ్డంగికిని గాలిదారి యున్నదో లేదో పాలకవర్గమువారు ఒక మిట్టమధ్యాహ్నము తలుపు తీసి లోన నిలుచుండి చూతురుగాక. కట్టడమునకు అప్పిచ్చునపుడు పట్టాను, పూచీని చూచినట్లే కప్పు పటమును కూడ చూచుట మంచిది. ఈ విషయమున వచ్చు సర్వసభ్య సమావేశమున తీర్మానము చేయవలెనని కోరుచున్నాము.

మేము చెప్పిన సభ్యుడు కొనగోడలు రెండింటను గాలిదారులు తీయించి, రేకులకు సున్నము వేయించినాడు. ఆ యిల్లు పాత యిల్లు కాలేదు. అయినను దీపములవేళకు తల్లి మంచము లోనికి వచ్చుచున్నదని వినుచున్నాము. ఉల్లిగడ్డకిచ్చిన గాలి కన్నతల్లికి ఈయలేమా?