బావి ఈత వేరు.. సముద్రం వేరు!

కుందుర్పి దుర్గం కొండెక్కి చూస్తే కనుచూపుమేరా ఎర్రమట్టి చేలూ రాళ్లగుట్టలే. అక్కడ సముద్రం ఊసెత్తితే నవ్వుతారు. కానీ ఒక్కసారి మ్యాపు మీద స్కేలు పెట్టి చూడండి. పడమటికి గీత గీస్తే గోకర్ణం దగ్గర తేలుతుంది. తూర్పుకు గీస్తే నెల్లూరు జిల్లా మైపాడు. అటు 300 కిలోమీటర్లకు కాస్త తక్కువ, ఇటు కాస్త ఎక్కువ. అంటే అనంతపురం జిల్లాలోని ఈ కరవు మండలం దాదాపుగా రెండు సముద్రాల నడుమ ఉందన్నమాట! (రోడ్డు మీద వెళ్తే దూరం బాగా పెరుగుతుందనుకోండి, అది వేరే సంగతి.)

అందుకే సెలవులొచ్చాయంటే ఇక్కడి ఇళ్లలో అటా ఇటా అన్న చర్చ తప్పదు. పిల్లలు గోవా అంటారు. గోకర్ణమైతే స్వామి దర్శనమూ అయిపోతుందని నానమ్మ అంటుంది. నాన్న ఓటు వైజాగ్‌కి. ఇంతకీ ఏ సముద్రమైతేనేం, నీళ్లు నీళ్లే కదా అనుకుంటే మాత్రం పొరపాటే. రెండింటి స్వభావమూ వేరు, అదీ నెలనెలకూ మారుతుంది.

నీటి వెచ్చదనం సంగతి తొందరగానే తేలిపోతుంది. సంక్రాంతి రోజుల్లో విశాఖ దగ్గర సముద్రం పైపొర 25, 26 డిగ్రీలుంటే గోవాలో 27, 28. మే నెలలో రెండుచోట్లా 29, 30కి చేరుతుంది. మొత్తమ్మీద ఏడాది పొడవునా తేడా నాలుగైదు డిగ్రీలే. చలికాలం పొద్దున్నే బోరు నీళ్లు గోరువెచ్చగా తగలడం కుందుర్పిలో అందరికీ తెలిసిందే. గాలి చల్లబడినంత తొందరగా ఆ నీళ్లు చల్లబడవు. సముద్రమూ అంతే. కాబట్టి మన తీరాల్లో చలికి భయపడాల్సిన పనిలేదు.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో బీచ్ మీద ఎండ కాస్తున్నా నీళ్లలో కాలు పెడితే జివ్వుమంటుంది. అక్కడ సాధారణంగా 11 నుంచి 15 డిగ్రీలే! ఉత్తరం నుంచి వచ్చే చల్లటి ప్రవాహం ఒక కారణమైతే, గాలి పైనీటిని తోసేయగా అడుగు నుంచి చల్లటి నీరు పైకి రావడం మరో కారణం. అంత చల్లటి నీటిలో ఒక్కసారిగా దూకితే ఊపిరి తిత్తులకు అందక ఎగశ్వాస వస్తుంది. ఈతొచ్చినవాళ్లూ ఆ మొదటి నిమిషంలోనే తడబడతారు.

మన దగ్గర అసలు కథంతా అలలదే.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి అరేబియా సముద్రాన్ని చిలికేస్తుంది. గోవా, కర్ణాటక తీరానికి కాస్త ఎగువన 2 నుంచి 4 మీటర్ల ఎత్తు అలలు లేస్తాయి. నాలుగు మీటర్లంటే దాదాపు ఒంటి అంతస్తు మిద్దెను దాటేంత! ఆ రోజుల్లో ఒడ్డున ఎర్రజెండాలు ఎగురుతుంటాయి. విచిత్రం ఏమిటంటే, ఆ గాలే మబ్బుల్ని మోసుకొచ్చి పడమటి కనుమల మీద కుమ్మరించేస్తుంది. కర్ణాటక తీరంలో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, కనుమలకు ఇవతలున్న అనంతపురం జిల్లాకు దక్కేది సుమారు 550 మిల్లీమీటర్లు. గోకర్ణంలో అలలు బండల్ని బాదే ఆగస్టులో కుందుర్పి రైతు చెనక్కాయ చేను గట్టున నిలబడి ఆకాశంకేసి చూస్తుంటాడు.

అక్టోబరు వచ్చేసరికి పడమటి సముద్రం నెమ్మదిస్తుంది. అప్పటి నుంచి ఏప్రిల్ దాకా అలలు చాలా రోజులు మీటరు లోపే. తూర్పున అప్పుడే తుపాన్ల కాలం మొదలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని ఎలా ఊపేసిందో మర్చిపోగలమా? కాబట్టి దసరా సెలవులకైతే పడమర మేలు. సంక్రాంతికి ఎటైనా ఫర్వాలేదు. వేసవిలో వెళ్లేవాళ్లు ఏప్రిల్లోనే వెళ్లి రావడం మంచిది. మే నెల గడిచేకొద్దీ పడమట అలలు పెరుగుతాయి. గాలి లేకపోయినా దక్షిణాన వేల కిలోమీటర్ల దూరంలో పుట్టిన అలలు ఉన్నట్టుండి వచ్చి పడుతుంటాయి. కేరళ జాలర్లు దీన్ని ‘కళ్లక్కడల్’ అంటారు.. దొంగ సముద్రం అని!

ఎత్తొక్కటే చూస్తే చాలదు. ఒక అలకూ మరో అలకూ మధ్య ఎన్ని సెకన్లు పడుతోందో లెక్కపెట్టాలి. అయిదారు సెకన్లకొకటి వచ్చే మీటరు అల కన్నా, పదిహేను సెకన్లకొకటి వచ్చే మీటరు అలకు బలం చాలా ఎక్కువ. ఎక్కడో దూరాన పుట్టి వచ్చిందన్నమాట అది. ఒడ్డు వాలు కూడా ముఖ్యమే. మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో నల్లమట్టి నేల, చాలా దూరం నడిచినా లోతు తక్కువ. విశాఖ ఆర్కే బీచ్ అలా కాదు, నాలుగడుగులు వేసేసరికే నేల జారిపోతుంది.

కుందుర్పి లాంటి ఊళ్లవాళ్లు అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. ఇక్కడ ఈతంటే బావి ఈతే. వీపుకు బెండు, నడుముకు తాడు కట్టి దిగుడుబావిలోకి తోసేవారు. బావులెండి బోర్లొచ్చాక అదీ తగ్గిపోయింది. ఆ ఈత నేర్చినవాళ్లకు నిలకడగా ఉన్న నీరు కనపడితే ధైర్యం. సముద్రంలో చిక్కు సరిగ్గా అక్కడే వస్తుంది. ఒడ్డుకొచ్చిన అలల నీరంతా వెనక్కి పోవడానికి ఇసుకలో సన్నటి దారి చేసుకుంటుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి అలలు విరగవు. అటూ ఇటూ తెల్లటి నురగ, మధ్యలో ప్రశాంతంగా నల్లటి నీరు. చూడ్డానికి అచ్చం బావిలా! పిల్లల్ని తీసుకుని పెద్దలు ఏరికోరి అక్కడే దిగుతారు.

‘సముద్రం లోపలికి లాగేసింది’ అంటుంటారు చూడండి, చాలాసార్లు జరిగేది ఇదే. నిజానికి అది మనిషిని అడుక్కి లాగదు, దూరంగా తీసుకుపోతుంది. ఒక్కోసారి గజ ఈతగాళ్లు కూడా ఎదురీదలేనంత వేగం. ఒడ్డు వైపే ఈదాలని పెనుగులాడి అలసిపోయినవాళ్లే మునుగుతారు. చిక్కుకున్నామని తెలియగానే వెల్లకిలా తేలి, చెయ్యి పైకెత్తి కేకెయ్యాలి. ఓపికుంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. దారి సన్నటిదే కాబట్టి కొంత దూరంలోనే పట్టు వదిలేస్తుంది. ఒడ్డునున్నవాళ్లు ‘నేనున్నా’నంటూ వెంట దూకకుండా తాడో, గాలి నింపిన ట్యూబో, ఖాళీ క్యానో విసరాలి. ఒకరి వెనక ఒకరు దిగి ఇంట్లో ముగ్గురూ పోయిన సంఘటనలు మన పత్రికల్లో వస్తూనే ఉన్నాయి.

బయల్దేరేముందు ఆ రోజు సముద్రం ఎలా ఉంటుందో చెప్పే సంస్థ మనకుంది. అదీ సముద్రం లేని హైదరాబాద్‌లోనే! ఇన్‌కాయిస్ అనే ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థ అలల ఎత్తూ, అలకూ అలకూ మధ్య వ్యవధీ, నీటి ఉష్ణోగ్రతా ముందుగానే ప్రకటిస్తుంటుంది. ఫోన్లో చూసుకోవచ్చు. బీచ్‌కి చేరాక ఎరుపు పసుపు జెండాలున్నాయేమో వెతకండి. వాటి మధ్యైతే లైఫ్‌గార్డుల కాపలా ఉంటుంది. అవీ లేకపోతే పిల్లల్ని నీళ్లలోకి వదలకముందు ఓ పది నిమిషాలు ఇసుకలో కూర్చుని చూడండి, నురగ లేనిచోటు ఎక్కడుందో.