ఏ ప్లేయర్‌లో చూడాలో చూసేవాడి ఇష్టం

మా నాన్నగారికి 81 ఏళ్లు. తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగమే పనిచేస్తుంది. ఒక సాహిత్య సంస్థ తన వెబ్‌సైట్‌లో పెట్టిన మహాభారత ఉపన్యాసాలు వినాలని ఆయన కోరిక. పేజీ తెరిచి, ఆయనకు హెడ్‌ఫోన్ పెట్టి, వీడియో నొక్కాను. ముందు వచ్చే సంగీతం హోరెత్తింది. తర్వాత ఉపన్యాసకుడి పెదవులు కదులుతున్నాయి గాని నాన్నగారి ముఖంలో చలనం లేదు. "మాట రావట్లేదురా" అన్నారు. హెడ్‌ఫోన్ నేను పెట్టుకుని చూస్తే సంగతి తెలిసింది. రికార్డు చేసినవాళ్లు మైకును ఎడమ ఛానెల్‌కే కలిపారు, మాటంతా ఆ వైపే వస్తోంది. హెడ్‌ఫోన్ తిప్పి పెడితే వినబడింది, అదీ నూతిలోంచి వచ్చినట్టు. పేజీలో వాల్యూమ్ గీత అప్పటికే చివరికంటా ఉంది. కంప్యూటర్‌లో సౌండ్ పెంచితే, మధ్యలో వచ్చిన సంగీతానికి ఆయన ఉలిక్కిపడి హెడ్‌ఫోన్ లాగేశారు.

పేజీ సోర్స్‌లో వెతికితే వీడియో అసలు చిరునామా దొరికింది. దాన్ని కాపీ చేసి, వీఎల్‌సీ అనే ప్లేయర్ తెరిచి, కంట్రోల్-ఎన్ నొక్కి అక్కడ అతికించాను. అదే వీడియో, అదే సర్వర్ నుంచి, వేరే కిటికీలో మొదలైంది. ఆడియో మెనూలో స్టీరియో మోడ్‌ని ‘లెఫ్ట్’కి మార్చగానే మాట రెండు వైపులా వచ్చింది. సౌండ్‌ని నూరు శాతం దాటించాను. కంప్రెసర్ ఆన్ చేస్తే గట్టి శబ్దాలు అణిగాయి, సన్నటి మాట పైకొచ్చింది. నాన్నగారు కళ్లు మూసుకుని తల ఊపడం మొదలుపెట్టారు.

వెబ్‌సైట్లు తయారుచేసే మా బంధువొకడితో ఈ మాట చెబితే, "అది దొడ్డిదారి కదా బావా! పేజీలో పెట్టిన వీడియోని పేజీలోనే చూడాలి. బయటికి లాగడమంటే దొంగతనమే" అన్నాడు. అతనొక్కడే కాదు, ఈ రంగంలో చాలామంది అభిప్రాయం ఇదే. చూసేవాళ్లలో కూడా ఎక్కువమంది దీన్ని అడక్కుండానే ఒప్పేసుకున్నారు. ఈ అభిప్రాయం తప్పని నా గట్టి నమ్మకం. తప్పు మాత్రమే కాదు, అన్యాయం కూడా.

అసలు పేజీలో కనబడే వీడియో ఏమిటి? ఒక చిరునామా. చాలాచోట్ల అది నేరుగా ఒక ఎంపీ4 ఫైలు. ప్రత్యక్ష ప్రసారమో, పెద్ద వీడియోనో అయితే ఎం3యు8 అనే చిన్న ఫైలు ఉంటుంది. ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతి ఇది. ఆ ఫైలులో కొన్నేసి సెకన్ల వీడియో ముక్కల చిరునామాలు వరుసగా రాసి ఉంటాయి. ప్లేయర్ వాటిని ఒకదాని తర్వాత ఒకటి తెచ్చుకుని కలిపి ఆడిస్తుంది. ఒకప్పుడు మనం విన్‌యాంప్‌లో పాటల జాబితాకు వాడుకున్న ఎం3యు ఫైలుకు ఇది తమ్ముడు. బ్రౌజర్ చేసేది ఈ పనే, వీఎల్‌సీ చేసేదీ ఈ పనే. సర్వర్ నుంచి రెండిటికీ వచ్చే ముక్కలు అవే. బ్రౌజర్‌కి ఇస్తే దానం, వీఎల్‌సీకి ఇస్తే దోపిడీ ఎలా అవుతుంది?

ఇక్కడ జనం రెండు పనుల్ని ఒకే గాటన కడుతున్నారు. డౌన్‌లోడ్ చేసి దాచుకోవడం వేరు, బయటి ప్లేయర్‌లో తెరిచి చూడటం వేరు. తెరిచి చూసినప్పుడు ముక్క వస్తుంది, ఆడుతుంది, పోతుంది. బ్రౌజర్‌లోనూ జరిగేది అంతే. ప్రసారం జరిగే సాంకేతిక ప్రక్రియలో తాత్కాలికంగా నిలిచే కాపీ ఉల్లంఘన కాదని మన కాపీరైట్ చట్టమే, 2012 సవరణతో, 52వ సెక్షన్‌లో చెబుతోంది. మా నాన్నగారి కంప్యూటర్‌లో ఆ ఉపన్యాసాల్లో ఒక్కటీ దాచలేదు.

బయటి ప్లేయర్ అంటే ఏదో కొత్తగా పుట్టిన అల్లరి అనుకునేవాళ్లు కాస్త వెనక్కి చూడాలి. 1993లో వచ్చిన మొజాయిక్ బ్రౌజర్ బొమ్మల్ని పేజీలో చూపించింది గాని వీడియోని సహాయక ప్రోగ్రాముకే అప్పగించేది. ఆ తర్వాత చాలా ఏళ్లు లింకు నొక్కితే రియల్‌ప్లేయర్ లేచి కూర్చునేది. ఏ ఫైలుని ఏ ప్రోగ్రాము తెరవాలో వాడుకునేవాడు తన కంప్యూటర్‌లో నిర్ణయించుకునేవాడు. ఫ్లాష్ అనే ప్లగిన్ రాజ్యమేలిన కాలంలో ఆ నిర్ణయం పేజీ యజమాని చేతికి పోయింది. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కి నూకలు చెల్లాయి, అప్పటికే దాని స్థానంలోకి హెచ్‌టీఎంఎల్5 వీడియో ట్యాగ్ వచ్చి కుదురుకుంది. పోయిన నిర్ణయం మాత్రం మన చేతికి తిరిగి రాలేదు. అంటే దొడ్డిదారి అంటున్నది నిజానికి మొదటి నుంచీ ఉన్న వీధి గుమ్మం.

దొంగతనం అన్న మాట పెద్ద వేదిక మీద కూడా పరీక్షకు వచ్చింది. 2020 అక్టోబర్ 23న అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం ఫిర్యాదు చేయడంతో, యూట్యూబ్-డీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని గిట్‌హబ్ ప్రోగ్రాముల కోడ్ దాచే తన సైటు నుంచి తీసేసింది. వెబ్ పేజీలోంచి వీడియో చిరునామా రాబట్టే పనిముట్టు అది. దాని నుంచి పుట్టిన వైటీ-డీఎల్‌పీనే ఇవాళ ఎంపీవీ లాంటి ప్లేయర్లు వాడుకుంటాయి. డిజిటల్ హక్కుల కోసం పోరాడే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ న్యాయవాదులు రంగంలోకి దిగారు. యూట్యూబ్-డీఎల్ తాళం పగలగొట్టడం లేదని, బ్రౌజర్ నడిచే దారిలోనే నడుస్తోందని వివరించారు. నవంబర్ 16న గిట్‌హబ్ దాన్ని తిరిగి పెట్టింది. అలాంటి ఫిర్యాదులు ఎదుర్కొనే డెవలపర్ల కోసం 10 లక్షల డాలర్ల నిధి కూడా ప్రకటించింది.

తాళం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. డబ్బు తీసుకుని సినిమాలు చూపించే సంస్థలు వాటికి వైడ్‌వైన్ లాంటి తాళాలు వేస్తాయి. అవి వీఎల్‌సీలో తెరుచుకోవు. ఆ తాళాలు విరగ్గొట్టమని నేను అనడం లేదు. నా మాటంతా తాళం వేయని వీడియో గురించే.

ప్రకటనలతో బతికే వీడియోల విషయంలో ఎదుటివాళ్ల వాదనకు బలముంది, దాన్ని తీసిపారేయను. బయటి ప్లేయర్‌లో ప్రకటన రాదు, వీడియో తీసినవాడికి పైసా ముట్టదు. యూట్యూబ్ నిబంధనలూ దీన్ని ఒప్పుకోవు. వంట వీడియోలతో ఇల్లు నడుపుకునే ఆవిడ నోటి దగ్గర కూడు తీయాలని ఎవరూ కోరుకోరు. అయితే నెలనెలా చందా కట్టి ప్రకటనలు లేకుండా చూసేవాడి మాటేమిటి? అతను కట్టాల్సింది కట్టాడు. అయినా తనకు పనికొచ్చే ప్లేయర్‌లో చూడటానికి వీల్లేదంటున్నారు. అంటే ఇది డబ్బు గురించిన పట్టుదల మాత్రమే కాదు. ఎంతసేపు చూశాడు, ఎక్కడ ఆపాడు, తర్వాత దేనివైపు లాగాలి అన్న కాపలా ఉంది చూశారూ, దాన్ని వదులుకోలేకపోవడం.

పాడ్‌కాస్ట్‌ని చూడండి. ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అనే జాబితాలో ఆడియో ఫైలు చిరునామా బాహాటంగా ఉంటుంది. ఏ యాప్‌లోనైనా వినొచ్చు, వేగం మార్చుకోవచ్చు. అలా వినేవాణ్ని దొంగ అన్నవాళ్లు నాకు తారసపడలేదు. మధ్యలో ప్రకటనలు చదివి డబ్బు సంపాదించేవాళ్లు అక్కడా ఉన్నారు. చెవికి ఒప్పుకున్నది కంటికెందుకు ఒప్పుకోరు?

చెవి సమస్య మా ఇంటిది. ఇంకొకరికి ఇంకొకటి. నా పాత ల్యాప్‌టాప్ 2014లో కొన్నది. గూగుల్ 2013లో ఖరారు చేసిన వీపీ9 రకం వీడియోని విప్పే ఏర్పాటు దాని చిప్‌లో లేదు. ఇంటెల్ చిప్‌ల్లో అది పూర్తిగా వచ్చింది 2016లో విడుదలైన ఏడో తరంతో. బ్రౌజర్ ఆ రకం వీడియో తెచ్చుకుంటే విప్పే భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఫ్యాన్ గోల పెడుతుంది, బ్యాటరీ కళ్లముందే కరిగిపోతుంది. అదే వీడియో హెచ్.264 రకంలోనూ ఉంటే, బయటి ప్లేయర్‌లో దాన్ని ఎంచుకుంటాను. ల్యాప్‌టాప్ చల్లగా ఉంటుంది. పాత మిషన్ల మీద చదువుకునే పిల్లలు మన ఊళ్లలో కొల్లలుగా ఉన్నారు. వాళ్లను కొత్తది కొనుక్కోమనే హక్కు ఎవరికీ లేదు. మృదంగం నేర్చుకునే కుర్రాడికి తీర్మానం అనే ముగింపు దరువులోని నాలుగు సెకన్లు పదేపదే తిరగాలి. ఎంపీవీలో ఆ ముక్క మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ‘ఎల్’ మీట నొక్కితే అది ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఎవరి అవసరం వాళ్లది. పేజీ తయారుచేసినవాడు ఇవన్నీ ముందే ఊహించలేడు, ఊహించనక్కర్లేదు కూడా. దారి మూయకుండా ఉంటే చాలు.

ప్రజల సొమ్ముతో నడిచే వీడియోలకైతే ఆ ప్రకటనల వాదన కూడా లేదు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వాదనలు 2022 సెప్టెంబర్ 27 నుంచి ప్రత్యక్షంగా ప్రసారమవుతున్నాయి. మన ఐఐటీలు కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ తన పాఠాలకు డౌన్‌లోడ్ లింకులు కూడా ఇస్తూ వచ్చింది. లాభాపేక్ష లేని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ దాదాపు ప్రతి వీడియో పక్కన అసలు ఫైళ్ల జాబితా ఉంటుంది. అక్కడ ఎవరి కొంపా మునగలేదు.

మా నాన్నగారికి ఆ రోజు చిరునామా దొరికింది, దాన్ని వెతకడం తెలిసిన కొడుకు పక్కన ఉండటం వల్లే. అలా కొడుకు పక్కన లేని పెద్దవాళ్లెందరో! విశ్వవిద్యాలయాలు, శాసనసభలు, న్యాయస్థానాలు, సాహిత్య సంస్థలు, దేవస్థానాలు తమ వెబ్‌సైట్లలో వీడియో పెట్టినప్పుడు, దాని కింద ఒక్క లైను చేర్చాలి: ‘మీ ప్లేయర్‌లో తెరవడానికి చిరునామా ఇది’ అని. సైటు నిర్వహించేవాడికి అది పది నిమిషాల పని. ఈ వ్యాసం చదివినవాళ్లలో ఎవరి చేతిలోనైనా అలాంటి సైటు ఉంటే, ఆ పని ఇవాళే చేయించండి.