నిర్దేశిత నిధులు: ఖజానాలో ఉన్నంత మాత్రాన ఖర్చుకు వీలుకాని సొమ్ము
గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల నేపథ్యంలో ప్రత్యేక వ్యాసం

పురపాలక సంఘ ఖాతాలో నిల్వ ఉన్న ప్రతి రూపాయీ పాలకవర్గం ఇచ్ఛానుసారం వెచ్చించదగినది కాదు. అందులో కొంత సాధారణ నిధి. మరికొంత ఒక నిర్దిష్ట ప్రయోజనం నిమిత్తమే మంజూరైనది, లేదా ఇతర సంస్థల పక్షాన వసూలైనది. ఈ భేదాన్ని పాటించుటపైనే పట్టణ ప్రజలకు అందే సేవలు ఆధారపడి ఉన్నాయి.

2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడిన సంగతి విదితమే. ఒకనాటి సంస్థాన కేంద్రాలైన గద్వాల, వనపర్తి పట్టణాలతో పాటు నాగర్‌కర్నూల్ కూడా జిల్లా కేంద్రమైనది. జిల్లా కేంద్రమైన పట్టణంలో కార్యాలయాలు, నివాసాలు, లేఅవుట్లు పెరుగుట సహజం. వాటితో పాటే నిర్దేశిత నిధుల నిర్వహణ బాధ్యతయు పెరుగుతుంది.

ఆర్థిక సంఘం నిధులు

2021-22 నుండి 2025-26 వరకు గల కాలానికి పట్టణ స్థానిక సంస్థలకు 15వ ఆర్థిక సంఘం 1,21,055 కోట్ల రూపాయలను సిఫారసు చేసినది. పది లక్షల లోపు జనాభా గల పట్టణాలకు ఈ నిధులలో 40 శాతం మాత్రమే షరతులు లేనివి. 30 శాతం తాగునీరు, వర్షపు నీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికి, మిగిలిన 30 శాతం పారిశుద్ధ్యం, ఘన వ్యర్థాల నిర్వహణకు నిర్దేశించబడినవి. అనగా లక్ష రూపాయలు అందినచో 60 వేల రూపాయలకు దారి ముందే నిర్ణయమై ఉన్నది. షరతులు లేని 40 వేల నుండియు జీతభత్యాలు చెల్లించుటకు వీలులేకపోవుట గమనార్హం.

పరుల సొమ్ము

గ్రంథాలయ పన్ను మరొక తరహాకు చెందినది. 1960 నాటి గ్రంథాలయ చట్టం అనుసరించి ఆస్తిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున వసూలైన మొత్తాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయవలసి ఉంటుంది. వేయి రూపాయల ఆస్తిపన్ను చెల్లించే గృహస్థు 80 రూపాయలను గ్రంథాలయానికే ఇస్తున్నాడు. పురపాలక సంఘం ఇందులో వసూలుదారు మాత్రమే. ఈ సొమ్ము ఆలస్యమైనచో పోటీ పరీక్షలకు సిద్ధమగు నిరుద్యోగ యువతకు పుస్తకం ఆలస్యమగును.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు ఈ ప్రాంతానికి మరింత ఆత్మీయమైన విషయం. పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలు, కాలువలు, భవనాలు నిర్మించిన వారిగా ప్రసిద్ధులు. 1996 నాటి చట్టం ద్వారా నిర్మాణ వ్యయంపై 1 శాతంగా అమలైన ఈ సెస్సుకు 2020 సామాజిక భద్రత స్మృతిలోనూ స్థానం లభించినది. వసూలైన మొత్తాన్ని 30 రోజులలోగా సంక్షేమ మండలికి చేర్చవలెనని 1998 నాటి నియమాలు ఆదేశించినవి. తన ఊరిలో లేచే ప్రతి మేడ నుండి కూలీకి దక్కవలసిన వాటా ఇది. ఇది పట్టణ ఖాతాలో నిలిచిపోవుట న్యాయం కాదు.

వీటికి తోడు 2019 తెలంగాణ పురపాలక సంఘాల చట్టం ప్రతి బడ్జెట్‌లో 10 శాతాన్ని హరిత కార్యక్రమాలకు కేటాయించవలెనని నిర్దేశించినది.

మళ్లింపు ఎందుకు జరుగును?

వేతనాలు, విద్యుత్ బిల్లులు ప్రతి నెలా చెల్లించవలసినవి. ఆస్తిపన్ను మాత్రం ఎక్కువగా ఆర్థిక సంవత్సరాంతంలో వసూలగును. ఈ వ్యవధిలో నిర్దేశిత నిధి నిల్వ చేతికందే సొమ్మువలె కనిపించును. తాత్కాలిక సర్దుబాటుగా ఆరంభమైనది శాశ్వత బకాయిగా మారే ప్రమాదం ఏ పట్టణంలోనైనా ఉన్నది. ఖర్చు కాని పనికి వినియోగ ధ్రువీకరణ పత్రం ఇచ్చుట సాధ్యం కాదు. అది లేనిదే తదుపరి విడత రాదు.

షరతుల వలన ఇబ్బందులు లేకపోలేదు. ఒక పట్టణానికి నీటి సరఫరా కంటె మురుగు కాలువ అత్యవసరం కావచ్చును. అయితే షరతు లేనిచో, కంటికి కనిపించే సిమెంటు రోడ్ల ముందు చెత్త శుద్ధి, నీటి సంరక్షణ వంటి పనులు వెనుకబడును. కనుక పరిష్కారం షరతులను అతిక్రమించుటలో లేదు. సొంత ఆదాయాన్ని బలపరచుకొనుటలో ఉన్నది. 15వ ఆర్థిక సంఘం సైతం ఆస్తిపన్ను వసూళ్ల వృద్ధిని, తనిఖీ అయిన లెక్కలను ప్రజలకు అందుబాటులో ఉంచుటను నిధులకు అర్హతగా విధించినది.

పౌరుల కర్తవ్యం

ప్రతి నిధికి ప్రత్యేక ఖాతా నిర్వహించుట, వసూలైన సెస్సును గడువులోగా జమ చేయుట, నిల్వల వివరాలను పద్దులవారీగా ప్రకటించుట అవసరం. పురపాలక బడ్జెట్‌ను పరిశీలించే పౌరులు "ఎంత వచ్చినది?" అని మాత్రమే గాక, "దేని కొరకు వచ్చినది, దానికే వెళ్లినదా?" అని కూడా ప్రశ్నించవలెను. ఆస్తిపన్నును సకాలంలో చెల్లించిన పౌరునికి ఆ ప్రశ్న అడుగు హక్కు ఉన్నది. సమాధానమిచ్చు బాధ్యత పురపాలక సంఘానిది.