దిగువ కాలనీలను అడిగారా?

హైదరాబాద్ నగరం వాడే నీటిలో జంట జలాశయాల వాటా 1.25 శాతం కూడా లేదట, అందుకే అవి ఇక తాగునీటి ఆధారం కావట. ఆ జలాశయాల చుట్టూ నిర్మాణాలను కట్టడి చేసిన జీవో 111 ఆంక్షలను ఎత్తేస్తూ 2022 ఏప్రిల్ 12న ఇచ్చిన జీవో 69 నిలబడింది ఈ మాట మీదే. లెక్క సరైనదే అనుకుందాం. ఆ లెక్క చాటున దాచిన సంగతి మాటేమిటి?

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ అనే ఈ జంట జలాశయాలను బిందెలు నింపడానికే కట్టలేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ నది పొంగి వేలమంది ప్రాణాలు తీసింది. మళ్లీ అలా జరగకూడదని ఇంజినీరు విశ్వేశ్వరయ్య సూచనతో ఒకటి 1920లో, రెండోది 1927లో పూర్తిచేశారు. వరదను పట్టి ఉంచడం వాటి పుట్టుకకే కారణం. తాగునీటి శాతంతో ఆ పనిని కొలవడం కుదరదు. కుదరని కొలత పెట్టి జలాశయాలకు కాలం చెల్లిందని చెప్పడం జనాన్ని మభ్యపెట్టడమే.

జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల నేల వాననీటిని ఇంకించుకుంటోంది. అక్కడ కాంక్రీటు పరిస్తే ఇంకాల్సిన నీరు ఒక్కసారిగా జలాశయంలో పడుతుంది, గేట్లు ముందే ఎత్తాల్సి వస్తుంది. గేట్లెత్తితే ఏమవుతుందో దిల్‌సుఖ్‌నగర్‌ను అడగాలి. 2020 అక్టోబర్‌లో మూసారాంబాగ్ వంతెన మునిగింది, మూసీ ఒడ్డు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అదే వానకు సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్‌ను ముంచేసింది. ఎగువ చెరువుల అలుగు నీళ్లు పారే దారిలో ఇళ్లు లేస్తే దిగువ వాళ్ల గతి ఏమిటో ఎల్బీనగర్ నియోజకవర్గానికి వేరే చెప్పక్కర్లేదు.

జీవో 111 పరిధిలోని 84 గ్రామాల రైతులు నగరం కోసం ఇరవై ఆరేళ్లు నష్టపోయిన మాట నిజం.

అయితే ఆ నష్టం నగరమే భరించాలి. ఎగువ పల్లెల నేలను కాపాడటానికి న్యూయార్క్ నగరం 1997లో ఆ ఊళ్లతో ఒప్పందం రాసుకుని డబ్బు చెల్లిస్తోంది. నీళ్లు అందుకునేవాళ్లే ఖర్చు భరించడం మనకూ కొత్త కాదు. చెరువు నీళ్లు వదిలే నీరటిని పోషించింది ఆయకట్టు రైతులే, కట్ట తెగితే మట్టి మోసిందీ వాళ్లే. జీవో 69తో మాత్రం ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన అధికారుల కమిటీ వేశారు. అందులో ఎగువ మొయినాబాద్ రైతు లేడు, దిగువ చైతన్యపురి కాలనీ సంఘమూ లేదు. మునిగేవాళ్లకు చోటివ్వని కమిటీ ఎవరి మేలు చూస్తుంది?

జీవో 69ను వెనక్కి తీసుకోవాలి. ఎగువ గ్రామాలనూ దిగువ కాలనీలనూ ఒకేచోట కూర్చోబెట్టి, రైతులకు ఏటా ఎంత చెల్లించాలో తేల్చాలి.