అరువు మాత్రలు

మన హాస్టళ్లలో మాత్రల విషయంలో భయం తలకిందులుగా ఉంది. ఎవరో సీనియర్ ఇచ్చిన నిద్రమాత్రని "ఏం కాదులే మామా" అంటూ సగానికి తుంచి మింగేస్తాం. అదే, డాక్టరు చూసి రాసిచ్చిన డిప్రెషన్ మందు పక్కవాడి అల్మరాలో కనిపిస్తే మాత్రం "ఒరేయ్, అవి వాడితే జీవితాంతం వదలవంట, మానెయ్" అని సలహా ఇస్తాం. జాగ్రత్త పడాల్సిన చోట ధైర్యం, ధైర్యం చెప్పాల్సిన చోట భయం.

నేను ఫార్మసీ వాణ్ని కాదు, ఈసీఈ మూడో సంవత్సరం. మందు పెట్టెలో మడిచిపెట్టే ఆ పల్చటి కాగితాన్ని చివరిదాకా చదివే పిచ్చి మాత్రం ఉంది. మూడేళ్ల హాస్టల్ జీవితం, ఆ చదువు కలిపి నాకు అర్థమైంది ఒకటే. ఏ మాత్ర అన్నదానికంటే, ఆ మాత్ర వెనకాల లెక్క చూసే మనిషి ఉన్నాడా లేడా అన్నది ముందు అడగాలి. డోసు ఎంత, ఎన్నాళ్లు, ఎలా ఆపాలి అని చూసేవాళ్లు లేని మందు ఏదైనా సరే, అరువు తెచ్చుకున్నట్టే. వడ్డీ తర్వాత కడతాం.

ముందు నిద్రమాత్ర సంగతి. హాస్టల్లో చేతులు మారేది ఎక్కువగా అల్ప్రాజోలం. డైజీపామ్, లోరాజెపామ్ కూడా ఇదే కుటుంబం, బెంజోడయజెపిన్లు అంటారు. 1960లో మొదటి మందు మార్కెట్లోకి వచ్చినప్పుడు, అంతకుముందు వాడిన నిద్రమందుల కంటే ఇవి చాలా నయం అనుకున్నారు. నిజానికి సరైన చోట ఇవి ప్రాణం నిలబెట్టే మందులు. ఫిట్స్ ఆగకుండా వస్తున్న మనిషికి క్యాజువాలిటీలో ముందు ఇచ్చేది ఈ కుటుంబంలోని మందే.

మెదడులో గాబా అనే రసాయనం బ్రేకులా పనిచేస్తుంది. ఈ మాత్ర ఆ బ్రేకుని ఇంకొంచెం గట్టిగా నొక్కుతుంది. అందుకే గుండెదడ తగ్గుతుంది, నిద్ర వస్తుంది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. తెలియనిది ఏంటంటే, కొత్త జ్ఞాపకాలు ఏర్పడే పని కూడా ఆ బ్రేకు కింద నలుగుతుంది. మాత్ర వేసుకుని "నిద్ర వచ్చేలోపు ఇంకో యూనిట్ లాగించేద్దాం" అని చదివినది పొద్దున్నే పరీక్ష హాల్లో కనిపించదు. రేపు పరీక్ష పెట్టుకుని ఈ మందు వేసుకోవడం ఎంత తెలివితక్కువ పనో దీన్నిబట్టే చెప్పొచ్చు.

అసలు ప్రమాదం రోజూ వేసుకుంటే మొదలవుతుంది. కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్లకి ఇది కొత్త కాదు. బ్రేకు ఎప్పుడూ తొక్కే ఉంచితే మెదడు ఊరుకోదు, సర్దుకోవడానికి యాక్సిలరేటర్ పెంచుతుంది. కొన్ని వారాలకి సగం మాత్ర చాలదు, ఒకటి కావాలి. తర్వాత ఒకరోజు స్ట్రిప్పు అయిపోతుంది. బ్రేకు మీంచి కాలు ఒక్కసారిగా తీశాం, యాక్సిలరేటర్ మాత్రం తొక్కే ఉంది. నిద్ర బొత్తిగా పట్టదు, చేతులు వణుకుతాయి, మొదట్లో ఉన్న కంగారు రెట్టింపై తిరిగొస్తుంది. ఎక్కువ డోసు, ఎక్కువ కాలం వాడినవాళ్లకి ఫిట్స్ రావచ్చు. ఫిట్స్ ఆపే మందు, అకస్మాత్తుగా ఆపితే ఫిట్స్ తెప్పిస్తుంది. అల్ప్రాజోలం శరీరంలోంచి త్వరగా వెళ్లిపోతుంది కాబట్టి ఈ గొడవ దానితో ఇంకా ఎక్కువ. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ కుటుంబం మొత్తానికీ దుర్వినియోగం, వ్యసనం, ఆపినప్పుడు వచ్చే ప్రమాదాల గురించి పెట్టె గీసి హెచ్చరిక వేయించింది.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్లకి కల్తీ కల్లు అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. చెట్టు కల్లు చాలక, నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలం కలిపి అమ్మే వ్యాపారం ఏళ్లుగా ఉంది. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం దాని మీద దాడులు చేస్తే నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. వణుకు, ఫిట్స్, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వింత ప్రవర్తన. వాళ్లు తాగి పడిపోయినవాళ్లు కారు, తాగడానికి దొరక్క పడిపోయినవాళ్లు. రోజూ సాయంత్రం పొలం పని అయ్యాక కల్లు తాగుతున్నాం అనుకున్నారు పాపం, వాళ్ల ఒంట్లోకి వెళ్తున్నది మాత్ర. 2025 సెప్టెంబరులో సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో ఒక ప్రైవేటు స్కూలు భవనంలోనే అల్ప్రాజోలం తయారీ పట్టుబడింది. కింద పిల్లలకి పాఠాలు, పైన ఇది. ఆ కల్లు తాగేవాళ్లని చూసి మనం జాలిపడతాం, ఏసీ లైబ్రరీలో కూర్చుని అదే మందు పంచుకుంటాం. తేడా ఒకటే, వాళ్లకి ఏం తాగుతున్నారో తెలియదు.

రెండోది గంజాయి. "అది మందు కాదు బాసూ, మొక్క. నేచురల్." ఉమ్మెత్త కూడా మొక్కే, గన్నేరు కూడా మొక్కే. గంజాయి తాగిన ప్రతివాడికీ పిచ్చెక్కుతుందని నేను అనను. యాంటీ డ్రగ్స్ పోస్టర్లు అలా అనడం వల్లే మనం వాటిని నమ్మడం మానేశాం. పుర్రె బొమ్మ చూసి, పక్క రూమ్‌లో తాగుతున్నవాడు బాగానే ఉన్నాడే అని నవ్వుకుంటాం. నిజం ఆ పోస్టర్ కంటే చిన్నది, అందుకే ఎక్కువ ఆలోచించాల్సింది. 1987లో లాన్సెట్ పత్రికలో వచ్చిన స్వీడన్ అధ్యయనంలో సైన్యంలో చేరే వయసు కుర్రాళ్లు 45 వేల పైచిలుకు మందిని 15 ఏళ్లు గమనించారు. అప్పటికి 50 సార్లకు మించి గంజాయి తాగినవాళ్లలో స్కిజోఫ్రీనియా అసలు తాగనివాళ్ల కంటే 6 రెట్లు కనిపించింది. ఇతర కారణాలు లెక్కేస్తే తేడా తగ్గింది, కానీ పోలేదు. ఇంట్లో ఎవరికైనా సైకోసిస్ ఉన్నవాళ్లకి, చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్లకి, రోజూ తాగేవాళ్లకి ముప్పు ఎక్కువని తర్వాతి పరిశోధనలూ చెప్పాయి. మన రూమ్‌లో నలుగురు కలిసి తాగితే ఆ ముప్పు నలుగురికీ సమానంగా ఉండదు. ఎవరికి ఎక్కువో ముందే తెలిసే మార్గం లేదు. లెక్క చూసే మనిషి అసలే లేడు.

ఇక అందరూ భయపడే మందులు. ఫ్లూఆక్సెటిన్, ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి. డిప్రెషన్‌కి, విపరీతమైన ఆందోళనకి రాస్తారు. వీటితో మత్తు రాదు, హాయి రాదు. వేసుకున్న రోజు ఏమీ తెలియదు, పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఫ్రెషర్స్ పార్టీలో ఎవడైనా సెర్ట్రలిన్ స్ట్రిప్పు తెచ్చి పంచడం చూశారా? అలాంటి మందుని "వ్యసనం" అంటున్నాం.

మా వింగ్‌లో ఒకతని కథ, అతను ఒప్పుకున్నాకే రాస్తున్నా. బ్రాంచి, పేరు వద్దు. రెండో సంవత్సరంలో మంచం దిగడమే కష్టమైపోయింది. ఇంట్లో చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్లి మందు మొదలుపెట్టాడు. ఆరు వారాలకి మెస్సుకి మాతో పాటు వస్తున్నాడు, క్లాసులకి వెళ్తున్నాడు. ఎవరో స్ట్రిప్పు చూశారు. ఆ రోజు నుంచి జోకులు. హైదరాబాద్ వాళ్లు ఎర్రగడ్డ అన్నారు, వైజాగ్ వాడు చినవాల్తేరు అన్నాడు. ఒక వారం విని, డాక్టరుకి చెప్పకుండా మందు ఒక్కసారిగా ఆపేశాడు. తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం మొదలైంది. అప్పుడు జోకులేసినవాళ్లే "చూశావా, ఎలా అలవాటైపోయిందో" అన్నారు. రెండు నెలలకి జబ్బు తిరగబెట్టింది. ఆ సెమిస్టరు పరీక్షలు రాయలేదు.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. మానితే ఒంట్లో తేడా రావడం వేరు, వ్యసనం వేరు. స్టెరాయిడ్లు, కొన్ని బీపీ మందులు కూడా హఠాత్తుగా ఆపకూడదు. అంతమాత్రాన మా తాతయ్య బీపీ మాత్రకి బానిస అని ఎవరూ అనరు. వ్యసనం అంటే మందు కోసం మనసు లాగడం, డోసు పెంచుకుంటూ పోవడం, దాచడం, అబద్ధాలాడటం, చదువు పాడవుతున్నా ఆపలేకపోవడం. డిప్రెషన్ మందుని నెమ్మదిగా తగ్గించుకుంటూ ఆపితే చాలామందికి ఈ కరెంటు షాకుల బాధ చాలావరకు తప్పుతుంది. తగ్గించే లెక్క డాక్టరు దగ్గర ఉంటుంది, వింగ్‌లో ఉండదు.

"అయితే ఆ మందులకి సైడ్ ఎఫెక్ట్స్ లేవా?" ఉన్నాయి. దాచితే నేనూ ఆ పోస్టర్ల పనే చేసినట్టు. వికారం, నిద్రలో మార్పులు, కామేచ్ఛ తగ్గడం చాలామందికి ఉంటాయి. 25 ఏళ్లలోపు వాళ్లలో కొందరికి మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని 2007 నుంచి అమెరికాలో వీటి మీద హెచ్చరిక ఉంది. అంటే సరిగ్గా మన వయసు. అందుకే మొదటి నెలలో డాక్టరు త్వరగా మళ్లీ రమ్మంటాడు, ఇంట్లోవాళ్లని కనిపెట్టుకుని ఉండమంటాడు. ఇక బైపోలార్ జబ్బుకిచ్చే లిథియం చూడండి. రక్తంలో లీటరుకి దాదాపు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంటే ప్రాణదాత, 1.5 దాటితే విషం వైపు నడక. మే నెల ఎండలో ఒంట్లో నీళ్లు తగ్గినా, తలనొప్పికి ఐబుప్రొఫెన్ వేసుకున్నా ఆ అంకె పెరుగుతుంది. కాబట్టి రక్తపరీక్షలు చేస్తూనే ఉంటారు. ప్రమాదం ఉన్న మందుని కొలుస్తూ వాడితే వైద్యం అవుతుంది, కొలవకుండా వాడితే జూదం అవుతుంది.

డాక్టర్లందరూ అంత ఓపికగా చూస్తారా అని మీరు అడగొచ్చు. చూడరు. ఐదు నిమిషాల్లో చీటీ రాసి పంపేవాళ్లున్నారు. చీటీ లేకుండా అల్ప్రాజోలం ఇచ్చే షాపులూ ఉన్నాయి. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం ఈ మందు అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎంత ఇచ్చారో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. మన షాపుల్లో ఆ రిజిస్టరు ఎంతవరకు రాస్తారో మీకూ తెలుసు. అలాంటప్పుడు ఆ ఐదు నిమిషాల్లో మనమే నాలుగు ప్రశ్నలు అడగాలి. ఇది ఎందుకు? ఎన్నాళ్లు? దీంతో ఏవి కలపకూడదు? ఆపాల్సి వస్తే ఎలా? సమాధానం చెప్పని డాక్టరుని మార్చొచ్చు. అరువు మాత్ర ఇచ్చే ఫ్రెండుని ఇవే నాలుగూ అడిగి చూడండి, ఒక్కదానికీ జవాబు ఉండదు.

కలపకూడనివి అన్నాను కదా, అది ప్రాణాల సంగతి. నిద్రమాత్ర మీద మద్యం, లేదా ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్ర పడితే ఊపిరే మందగించవచ్చు. ట్రమడాల్ ఒక్కటే ఎక్కువ డోసులో ఫిట్స్ తెప్పించగలదు. డిప్రెషన్ మందుతో దాన్ని కలిపితే మరో రకం ప్రమాదం, ఒళ్లు కాలిపోవడం, వణుకు, గందరగోళం. పార్టీ అయ్యాక ఎవరైనా లేపినా లేవకపోతే, గురక వింతగా ఉంటే, "పడుకోనీ, పొద్దున్నే దిగుతుంది" అనకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. ఖాళీ స్ట్రిప్పు దొరికితే జేబులో వేసుకుని వెళ్లండి. డాక్టరుకి అన్నిటికంటే ముందు కావాల్సింది ఆ పేరే.

పోలీసు కేసవుతుందని ఫోన్ చెయ్యడానికే భయపడతాం. చట్టంలో మనం చదవని ముక్క ఒకటుంది. ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ ప్రకారం, వాడకం లేదా కొద్ది పరిమాణం కేసు ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకి వెళ్లి పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. మన కాలేజీల్లో మాత్రం కౌన్సెలర్ గది తలుపు ప్రిన్సిపాల్ ఆఫీసు ఎదురుగా ఉంటుంది, రిజిస్టరులో రోల్ నంబరు రాయమంటారు. ఇక ఎవరు వెళ్తారు? యాంటీ డ్రగ్స్ ర్యాలీకి అటెండెన్స్ ఇచ్చే కాలేజీ, ఆ రిజిస్టరులో రోల్ నంబరు గడి తీసేస్తే ర్యాలీ కంటే ఎక్కువ మేలు. దీనిమీద మన స్టూడెంట్ కౌన్సిల్ ఒక్క వినతిపత్రం ఇవ్వగలదు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కల్లో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. 60 మంది ఉన్న సెక్షన్‌కి ఆ సగటు వేసి చూస్తే ఆరుగురు. ఆ ఆరుగురూ రాత్రి రెండింటికి మొదట అడిగేది మనల్నే, "నిద్ర పట్టట్లేదురా, ఏమైనా ఉందా?" అని.

అప్పుడు స్ట్రిప్పు తీయకండి. ఎన్ని రోజుల నుంచి అని అడగండి. రెండు రోజులైతే పరీక్షల కంగారు, కాసేపు కూర్చుని మాట్లాడితే చాలు. రెండు వారాలైతే టెలీ మానస్ నంబరు 14416 కలిపి ఫోన్ చేతికివ్వండి. 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మత్తు అలవాటు మానడానికైతే 14446. పొద్దున్నే డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి, మొదటిసారి ఒంటరిగా ఆ మెట్లెక్కడం ఎవరికైనా కష్టమే. తర్వాత వాడి అల్మరాలో స్ట్రిప్పు కనిపిస్తే "వేసుకున్నావా ఇవాళ?" అని అడగండి, అంతకు మించి ఏమీ అనకండి.