చేయించిన కర్రా, కొన్న కర్రా?

మినియాపొలిస్ నుంచి ఒక పాఠకుడు రాస్తున్నారు: "ఈ దేశం వచ్చి పదకొండేళ్ళయింది. నాలుగేళ్ళుగా మస్కీ చేప వెంట పడ్డాను. ఇంతవరకు చిక్కినవి రెండు. భుజం నొప్పి మాత్రం ఏ ఆదివారమూ తప్పకుండా చిక్కుతున్నది. నా కొలతలిచ్చి గాలపు కర్ర చేయించుకుంటే హాయిగా వుంటుందని ఒకరు, డబ్బు దండుగని మరొకరు అంటున్నారు. మా ఆవిడ రెండో పక్షం. మీరేమంటారు?"

భార్యాభర్తల మధ్య తీర్పు చెప్పడానికి మేము వెనుకాడుతాం. కాని కర్ర సంగతి చెప్పవచ్చు. ముందుగా, ఇక్కడి పాఠకుల కోసం చేప సంగతి.

మస్కీ పూర్తిపేరు మస్కెలంజ్. ఉత్తర అమెరికాలోని పెద్ద సరస్సుల ప్రాంతం, అంటే మిన్నెసోటా, విస్కాన్సిన్, కెనడాలోని ఒంటారియో వగైరా, దీని నెలవు. మన గోదావరి వాలుగ నోరు ఎరిగినవారికి ఈ చేప తత్త్వం సులభంగా బోధపడుతుంది. బాతు ముక్కులాంటి మూతి, దానినిండా సూదుల్లాంటి పళ్ళు, ఈటెలాంటి వొళ్ళు. నాలుగడుగులు దాటినవీ వున్నాయి. విస్కాన్సిన్ వారు 1955లో దీన్ని తమ రాష్ట్ర మత్స్యం చేసుకున్నారు. అక్కడి హేవర్డ్ పట్టణంలో 143 అడుగుల మస్కీ బొమ్మ ఒకటి కట్టారు. యాత్రికులు లోపలి నుంచి ఎక్కి దాని నోట్లో నిలబడి ఫోటోలు తీయించుకుంటారు. 1949లో లూయీ స్ప్రే పట్టిన 69 పౌన్ల 11 ఔన్సుల చేప అసలు రికార్డా కాదా అని నేటికీ తగువులాడుకుంటున్నారంటే ఈ చేప మీద అక్కడివారికున్న పిచ్చి ఎలాటిదో వూహించుకోండి.

దీనికి మరో పేరు "పదివేల విసుర్ల చేప". పదివేలసార్లు గాలం విసిరితే ఒకటి దొరుకుతుందని. లెక్క అంత కచ్చితం కాదు లెండి. నేర్పున్నవారికి అంతకన్నా చాలా ముందే దొరుకుతుంది. కాని కర్ర ఎంచుకోవడంలో చాలామంది పొరబడేది ఈ పేరును మరచిపోవడం వల్లనే. దుకాణంలో నిలబడి కర్రను వంచి చూస్తూ, "ఇది నాలుగడుగుల చేపను ఆపుతుందా?" అని అడుగుతారు. ఆపుతుంది. మస్కీ కోసమని చేసిన కర్ర ఏదైనా ఆపుతుంది. చేప కర్రకు వేలాడేది ఏ పది నిమిషాలో. మిగిలిన దినమంతా ఆ కర్రతో మీరు చేసే పని బరువైన ఎరను విసరడం, లాక్కోవడం, మళ్ళీ విసరడం. అంచేత అడగవలసిన ప్రశ్న, "సాయంత్రం దాకా ఇది నా భుజాన్ని బతకనిస్తుందా?" అన్నది.

ఆ ఎరలు కూడా సామాన్యమైనవి కావు. రెండు పెద్ద రేకులు గిరగిర తిరిగే ఎర నీళ్ళలో లాగుతుంటే బావిలోంచి చేద తోడుతున్నట్టే వుంటుంది. నిండా ఒక పౌను తూగే రబ్బరు ఎరలు కూడా వున్నాయి. 80 పౌన్ల బరువు ఆపే అల్లిక దారం, చేప పళ్ళకు తెగకుండా దాని కొసన ఉక్కు తీగో, బలమైన మరో తీగో. పూర్వం ఈ పనికి పొట్టి దుడ్డుకర్రల వంటివి వాడేవారు. ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది అడుగులవీ, ఆపైవీ వాడుతున్నారు. పొడుగు కర్ర ఎరను దూరం విసురుతుంది. అంతకన్నా ముఖ్యం, మస్కీ తరచు పడవ అంచుదాకా ఎర వెంటే వచ్చి ఆలోచనలో పడుతుంది. అప్పుడు కర్ర కొసను నీళ్ళలో ముంచి ఎరతో 8 అంకె ఆకారం గీస్తారు. పొడుగు కర్రతో ఆ మలుపులు విశాలంగా వస్తాయి.

ఇక చేయించిన కర్ర. చేయించడమంటే ఆ పనివాడు కర్రను మొదలంటా తన చేత్తో తయారుచేస్తాడని మీరనుకుంటే, అలా జరిగేది బహు అరుదు. కర్బన నారబట్టను ఉక్కు కడ్డీకి చుట్టి, పైన పట్టీ బిగించి, పొయ్యిలో కాల్చి తీసే బోలు కర్రను బ్లాంకు అంటారు. అది ఫాక్టరీలోనే పుడుతుంది. చేయించిన కర్రకూ కొన్న కర్రకూ బ్లాంకు ఒకే ఫాక్టరీలో పుట్టినదైనా ఆశ్చర్యం లేదు. పనివాడు చేసేది దానికి పిడి అమర్చడం, రీలు కూర్చునే చోటు నిర్ణయించడం, దారం జారే ఉంగరాలను నూలుతో చుట్టి జిగురుపూత వెయ్యడం. పేరూ, రంగులూ, నెమలికంటి అల్లికలూ కావాలంటే అవీ వేస్తాడు. ఈ రంగులకోసమే చేయించుకునేటట్టయితే ఆవిడ మాటే రైటు.

కాని పిడి సంగతి వేరు. ఫాక్టరీ వారు పిడిని సగటు మనిషిని వూహించుకుని కోస్తారు. రెండు చేతులా విసిరేటప్పుడు రీలు వెనుకనున్న పిడే తులాదండం. అది పొట్టిదైతే బలమంతా భుజం మీద పడుతుంది. పొడుగుదైతే ఎర లాగుతున్నంతసేపూ పక్కలో పొడుస్తుంది. 8 అంకె గీసేటప్పుడు పొట్టకో పడవ అంచుకో తగులుతుంది. అయిదడుగుల నాలుగంగుళాల మనిషీ, ఆరడుగుల మనిషీ ఒకే పిడితో సుఖపడతారంటే మేము నమ్మం. చేయించిన కర్రకు పెట్టే అదనపు డబ్బు న్యాయంగా గిట్టుబాటయ్యేది ఇక్కడే. ఇంకొకటి: మస్కీ రీలు కర్ర పైన కూర్చుంటుంది. బరువు పడినప్పుడు పైనున్న ఉంగరాలు కిందికి తిరగాలని చూస్తాయి, కర్ర చేతిలో మెలిపడుతుంది. కోరితే పనివాడు ఉంగరాలను మెట్లవరసలాగా పక్కనుంచి కిందివైపుకు తిప్పి కడతాడు. అప్పుడా మెలి వుండదు. ఫాక్టరీ కర్రల్లో ఈ అమరిక తక్కువ.

అలా అని ఫాక్టరీ కర్రను తీసిపారేయకండి. విస్కాన్సిన్‌లోని పార్క్ ఫాల్స్‌లో 1948లో పుట్టిన సెయింట్ క్రాయ్ కంపెనీ వంటివారు తరాలుగా ఇదే పనిలో వున్నారు. వంద డాలర్ల కర్రలూ వున్నాయి, నాలుగైదు వందలవీ వున్నాయి. వాటికున్న పెద్ద సుగుణం విరిగినప్పుడు తెలుస్తుంది. కర్రలు చేపల వల్ల విరగడం తక్కువ, కారు తలుపుల వల్ల విరగడం ఎక్కువ. బరువైన ఎర వూగివచ్చి తగిలితే కంటికి కనపడని గాటుపడి, ఏ నెల తరువాతనో ఫట్‌మంటుంది. కంపెనీ హామీ వున్న కర్రయితే ఎంతో కొంత రుసుం కడితే కొత్తది వస్తుంది. చేయించిన కర్ర జూలైలో విరిగితే పనివాడి వరసలో మీ వంతు వచ్చేదాకా కూర్చోవాలి. పైగా మీ మోచేతి కొలతకు చేసి మీ పేరు చెక్కిన కర్రను అమ్మబోతే, కొనేవాడు కూడా మీ అంత మనిషీ మీ పేరువాడూ కావాలి!

కర్రమీద రాసిన "హెవీ", "ఎక్స్‌ట్రా హెవీ" మాటలను చూసి మోసపోకండి. కంపెనీలకన్నిటికీ ఉమ్మడి కొలమానం లేదు. ఒకరి హెవీ మరొకరికి మధ్యరకం కావచ్చు. ఎన్ని ఔన్సుల ఎరకు పనికివస్తుందో అంకెల్లో రాసి వుంటుంది, దాన్నే పట్టించుకోండి. ఎనిమిది ఔన్సులన్న కర్రకు పౌను ఎర కట్టి విసరడం, ఎడ్లబండి మీద ఇంజను ఎక్కించడమే.

మినియాపొలిస్ మిత్రుడు మొదట వైద్యుడికి భుజం చూపించాలి. తరువాత రీలును చూడాలి. పెద్ద రేకుల ఎరలను వేగంగా చుట్టుకునే రీలుతో లాగుతుంటే ఏ కర్రా ఆయన్ని కాపాడలేదు. నిదానంగా చుట్టుకుని బలంగా లాగే రీలు మార్చి చూడవచ్చు. అది కర్రకన్నా ముందు చేయదగిన పని. అటుపైన ఇప్పుడున్న కర్ర పిడికి పట్టీ చుట్టి, రీలు వెనుక ఎంత పొడుగు తనకు సుఖమో ఒక నెల గుర్తులు పెట్టుకోవాలి. దుకాణంలో కర్రలు చూసేటప్పుడు తన రీలును వెంట తీసుకుపోయి బిగించి, పిడిని చంకలో పెట్టుకుని, అక్కడి నేలమీదే పదిసార్లు 8 గీయాలి. నలుగురూ నవ్వితే నవ్వనివ్వండి. ఏదో ఒక ఫాక్టరీ పిడి సరిపోయిందా, కొనుక్కుని రావలసిందే. ఏదీ సరిపోకపోతే ఆ గుర్తు పెట్టిన కొలత పట్టుకుని పనివాడి దగ్గరకు వెళ్ళవచ్చు. ఏ కొలతా తెలియకుండా "మంచి కర్ర చేసిపెట్టండి" అంటే ఆయన మాత్రం సగటు మనిషికి చెయ్యక ఏం చేస్తాడు?

ఎటు మొగ్గినా సుకుమారమైన కర్ర కోరవద్దు. ఇందులో చేప ప్రాణం వుంది. మస్కీ పట్టేవారు ఈనాడు దాదాపు అందరూ పట్టి వదిలేసేవారే. మిన్నెసోటాలో 54 అంగుళాలకు తక్కువైతే వదలక తప్పదు కూడా. అంత ఎదగడానికి పదిహేనేళ్ళూ ఆపైనా పట్టవచ్చు. మెత్తటి కర్రతో అరగంట ఆడిస్తే చేప అలసిపోయి, వదిలాక చచ్చిపోవచ్చు. నీరు 80 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా వేడెక్కిన రోజుల్లో బుద్ధిమంతులు అసలు గాలమే వెయ్యరు.

మిన్నెసోటాలో మస్కీ వేట జూన్ మొదటి శనివారం మొదలవుతుంది. చేయించుకోవడానికే నిశ్చయమైతే సరస్సులు గడ్డకట్టిన రోజుల్లోనే పనివాడికి కొలతలివ్వాలి. మే నెలలో వెళితే, కల్యాణ ఘడియకు ముందురోజు దర్జీ దగ్గరకు వెళ్ళిన పెళ్ళికొడుకు గతే.