స్టార్ ఇంపోర్ట్ మనకొద్దు



మేము హాస్టల్లో ఉండి డిగ్రీలో కంప్యూటర్స్ చదువుతున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. కంప్యూటర్ ముట్టుకున్నది కూడా ల్యాబ్‌లోనే. పైథాన్‌లో ఇంపోర్ట్ గురించి ఇంత పోస్టా అనుకోకండి. అక్కడే మాలో ఇద్దరు "ఈ చదువు మనది కాదు" అని బ్యాగు సర్దుకున్నారు.

రాండమ్ నంబర్ల ప్రోగ్రాం రాసి, ఆ ఫైలుకు ‘రాండమ్ డాట్ పీవై’ అనే పేరు పెట్టాం. రన్ చేస్తే రాండ్‌ఇంట్ అనేదే లేదని ఎర్రర్. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే కొట్టాం కదా! రెండు గంటలు పోయాయి, ల్యాబ్ మార్కులూ పోయాయి. "టైప్ చేయడం కూడా రాదా" అన్న మాట మాత్రం మిగిలింది. తప్పు టైపింగ్‌ది కాదు. ఇలాంటి లైబ్రరీ మాడ్యూల్‌ని పైథాన్ ముందు మన ఫైలున్న ఫోల్డర్లో వెతుకుతుంది. అక్కడ మా ఫైలే కనబడింది, దాన్నే తెచ్చుకుంది. పేరు మార్చగానే నడిచింది. 2024లో వచ్చిన 3.13 వెర్షన్ అయితే పేరు మార్చుకోమని తనే చెప్తుంది. మా ల్యాబ్‌లో ఉన్నది పాతది.

ఇక మా నోట్స్ నిండా ‘ఫ్రమ్ మ్యాథ్ ఇంపోర్ట్ స్టార్’. దీని మీదే మా కోపం. ఓఎస్‌ని అలా స్టార్‌తో తెచ్చి చూడండి. దాంట్లోని ఓపెన్ వచ్చి మామూలు ఓపెన్‌ని కప్పేస్తుంది, ఫైలు తెరవబోతే టైప్ ఎర్రర్. అదైనా నయం, తప్పని తెలుస్తుంది. మ్యాథ్ తర్వాత సీమ్యాథ్‌ని స్టార్‌తో తెస్తే ఎర్రరే రాదు. 4కి వర్గమూలం అడిగితే 2.0 బదులు కాంప్లెక్స్ సంఖ్య ఇస్తుంది.

మా హాస్టల్లో లక్ష్మణ్‌లు ముగ్గురు. ఇంటి నుంచి ఒకరికి వచ్చిన ఇప్పపువ్వు లడ్డూలు ఇంకో లక్ష్మణ్ తినేశాడు. అప్పట్నుంచి ఊరి పేరు కలిపే పిలుస్తున్నాం. నేమ్‌స్పేస్ అన్నా అదే. మ్యాథ్ డాట్ అని ముందు రాస్తే అది ఏ ఊరిదో తెలిసిపోతుంది.

టైపింగ్ తగ్గుతుంది కదా అంటారు. పొట్టి పేరే కావాలంటే ‘యాజ్’ ఉంది. పైథాన్ వాళ్ల సొంత పెప్ 8 కూడా స్టార్ వద్దనే చెప్తుంది. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు రాత్రికి సరిచేసుకుంటారు, మనకు మళ్లీ ల్యాబ్ వారం తర్వాతే. అందుకే ఇది మొదటి వారమే చెప్పాలి.

ఆ ఇద్దరూ ఉన్నారు, వెళ్లలేదు. కొత్తగా చేరిన తమ్ముళ్లకు ఆదివారం భోజనాలయ్యాక ఇప్పుడు వాళ్లే ఇది చెప్తున్నారు. మీ హాస్టల్లో ల్యాప్‌టాప్ ఉన్న సీనియర్లుంటే మీరూ మొదలుపెట్టండి.